పాదిరియు, అతని పిమ్మటివారును

సత్తెనపల్లి ప్రాంతమున మిరపనారు పోసిన రైతు దానిని నారుమడిలోనే ముదురనీయడు. దాదాపు ఆరు వారములకు పెరికి పొలమున నాటును. ఈపాటి వివేకము మన క్రైస్తవ సంఘములను నడపు పాదిరులలో పలువురకు లేకున్నది. ఇరువదియేండ్లు ఒకే వేదికపై నిలిచియు, తమ పిమ్మట నిలువదగినవాని నొక్కనినైన సిద్ధపరుపరు. యువకుడు చాపలు పరచుటకును, చందాలు వసూలుచేయుటకును పనికివచ్చును గాని, వాక్యము చెప్పుటకు పనికిరాడట! తుదకు ఆ స్థానము కొడుకునకో, అల్లునకో సంక్రమించును. కరణీకపు మిరాశీని ప్రభుత్వమే 1984లో రద్దుచేసెను. దేవుని మందిరమున నది యింకను చెల్లవలెనా?

యువకులకు యోగ్యత చాలదని వారి సమాధానము. చరిత్ర దీని నంగీకరింపదు. తోలు వర్తకుడగు యెర్రగుంట్ల పేరయ్య నిరక్షరాస్యుడు. ఆయన తనవారికి చేసిన బోధ ఫలముగా 1867 జనవరిలో ఒంగోలు మిషనరీ క్లౌ దొర తాళ్ళకొండపాడునకు పోగా, 28 మంది బాప్తిస్మము పొందిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. దొర ఆ పని వారి కప్పగించి తాను ఒడ్డున నుండెను.

చదువు వలదని నా వాదము కాదు. అది మొదట కావలసినది పాదిరికే. పాఠము చూచుకొనక తరగతికి పోవు ఉపాధ్యాయుని బాలురు కొద్ది నిమిషములలోనే కనిపెట్టుదురు. సంఘమువారును కనిపెట్టుదురు, మర్యాదకై యూరకుందురు. దైవశాస్త్ర కళాశాల విడిచిననాడే పుస్తకము మూసినవాడు తన శిష్యుని జూచి భయపడును. దినదినము నేర్చుకొనువానికి ఆ భయముండదు. శిష్యుని చేతిలో నోడుటయే గురువునకు గెలుపని మన పెద్దలెఱుగుదురు.

విదేశీయులు మనవారిని సమానులుగా జూడకుండుటను 1910లో ఎడిన్‌బరో మహాసభలో వేదనాయకము అజరయ్య నిర్భయముగా నెత్తిచూపెను. 1912లో ఆయన భారతీయులలో ప్రథమ ఆంగ్లికన్ బిషప్పై, దోర్నకల్లులో గ్రామబోధకులకే గాక వారి భార్యలకును శిక్షణ నిప్పించెను. దక్షిణ ఇండియా సంఘమున ప్రథమ మహిళా బిషప్పుగా పుష్పలలిత 2013లో నంద్యాలలో అభిషిక్తురాలయ్యెను. నడుమ గడచినవి 101 సంవత్సరములు! నాడు దొరలు చోటీయలేదని నొచ్చుకొన్న మనవారే నేడు తమ బిడ్డలకు చోటీయకున్నారు.

కావున ప్రతి పాదిరియు ఒక యువకుని, ఒక యువతిని చేరదీయవలెను. నెలకొక ఆదివారము వారిచేత ప్రసంగము చేయించి, తాను చాపపై గూర్చుండి వినవలెను. తప్పులను సభలో గాక యింటివద్ద దిద్దవలెను. సంఘపు లెక్కలను సైతము వారికి చూపవలెను. తాను లేని ఆదివారమున సంఘము తడబడక నడచిననాడే ఆ పాదిరి సేవ ఫలించినట్లు.