సంపు ఎవరు కడుగుతారు?

ఆత్మకూరులో మా చెల్లెలి ఇంటి హాల్లోకి సముద్రం వచ్చి రెండేళ్ళయింది. సోమశిల నీళ్ళనుకునేరు! కాదండీ, అచ్చంగా ఉప్పు సముద్రమే. నాలుగడుగుల అద్దాల తొట్టి, పైన నీలం దీపాలు, లోపల గుహల్లా పేర్చిన రాళ్ళు, ఆ రాళ్ళ సందుల్లోంచి తొంగిచూసే నారింజరంగు చేపలు, వాటి ఒంటిమీద వెడల్పాటి తెల్లచారలు. మైపాడు రేవు చూడాలంటే నెల్లూరు దాటి పోవలసిన మెట్ట ఊళ్ళో, ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే చోట, ఒకరింట్లో సముద్రం ఉందంటే జనం చూడ్డానికి రారా మరి? వచ్చినవాళ్ళందరూ చెల్లెలి కొడుకుని మెచ్చుకుంటారు. వాడికి కంప్యూటరు ఉద్యోగం, ఇంట్లోంచే పని. “ఎంత ఓపికరా అబ్బయ్యా నీకు!” అంటారు. వాడు సిగ్గుపడతాడు. మా చెల్లెలు కాఫీ తేవడానికి లోపలికి వెళుతుంది.

నేనూ మొదటిసారి అట్లాగే మెచ్చుకున్నాను. నిజం ఒప్పుకోవాలి గదా! కానీ నాకొక దురలవాటుంది. ఎవరింటికెళ్ళినా హాలు చూసి ఊరుకోను, పెరడు కూడా చూస్తాను. ఆ తొట్టి కింద చెక్క బీరువా ఉంటే, ఏముందో చూద్దామని తలుపు లాగాను.

లోపల ఇంకో తొట్టి ఉంది! పైన సముద్రమైతే కింద వంటిల్లన్నమాట. గొట్టాలు, మోటారు, నురగ కక్కే యంత్రం, నాచు, గలగలా చప్పుడు, ఉప్పు పేరుకున్న అంచులు. “ఇదేందిరా?” అన్నాను. “సంపు పెద్దమ్మా” అన్నాడు.

సంపంటే మనకి తెలియనిదేముంది? ఉదయగిరిలో మా అమ్మవాళ్ళు ఇల్లు కట్టించినప్పుడు పునాదికి ముందే సంపు తవ్వించారు. గోడలు తడపడానికి నీళ్ళు కావాలంటే ముందు నీళ్ళకి చోటుండాలి. ఉదయగిరి కొండ మీద కోట కట్టినవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. 1513లో కృష్ణదేవరాయలంతటివాడు వచ్చి ముట్టడి వేస్తే, 1514లో గానీ ఆ కోట చేతికి రాలేదు. కొండమీద నీటి వసతి లేకపోతే అన్నాళ్ళు నిలుస్తుందా? చూడ్డానికి వెళ్ళినవాళ్ళు బురుజుల ముందు ఫొటోలు తీయించుకుంటారు. కోనేరు దగ్గర ఎవరు నిలబడతారు?

చేపల సంపు సంగతి మావాడు విడమరిచి చెప్పాడు. పై తొట్టి నీళ్ళు అంచు దాటి గొట్టంలోంచి కిందికి దిగుతాయి. పాల మీది మీగడ తీసినట్టు, నీళ్ళ పైన తేలే జిడ్డు ముందుగా దిగిపోతుంది. దిగిన నీళ్ళు మొదట ఒక గుడ్డ సంచిలో పడతాయి. మేజోడులా ఉంటుంది, చేపల రెట్టా మిగిలిన మేతా అందులో ఆగుతాయి. రెండో అరలో స్కిమ్మర్ అనే యంత్రం సన్నటి గాలిబుడగలు పుట్టిస్తుంది. బెల్లం పాకం కాచేటప్పుడు మడ్డి నురగతో పైకొస్తుంది చూడండి, అట్లాగే నీళ్ళలో కరిగిన మలినం ఆ బుడగలకంటుకుని పైనున్న గిన్నెలోకి పొంగుతుంది. మూడో అరలో నాచు. మిగిలిన మలినాన్ని అది తిని పెరుగుతుంది. చివరి అరలో మోటారు శుభ్రమైన నీళ్ళని పైకి తోస్తుంది. అంతే!

ఇందులో నాకు అన్నిటికంటే విడ్డూరమనిపించింది ఒకటుంది. తొట్టిలో నీళ్ళు ఆవిరవుతాయి గదా, మా మెట్ట ఎండలకి, ఆ పైన చల్లదనం కోసం పెట్టిన ఫ్యానుకి, రోజుకి 5 లీటర్ల దాకా పోతాయి. కానీ పై తొట్టిలో నీళ్ళు ఒక్క గీత కూడా తగ్గవు! తగ్గేదంతా కింద సంపులోనే. హాల్లో కూర్చున్న చుట్టాలకి సముద్రం ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

“మరి ఆ 5 లీటర్లూ రోజూ ఎవరు పోస్తారు?” అన్నాను.

“అమ్మ” అన్నాడు.

“ఆ మేజోడు ఎవరు ఉతుకుతారు?”

“మూడు రోజులకొకసారేలే పెద్దమ్మా. అమ్మ ఉతుకుతుంది.”

“ఆ నురగ గిన్నె?”

వాడు మాట్లాడలేదు. అది కడగడానికి ముక్కు మూసుకోవాలని తరవాత చెల్లెలు చెప్పింది.

ఇంటికొచ్చి నాలుగు పుస్తకాలు తిరగేశాను. సముద్రపు జీవాల్ని ఇళ్ళల్లో పెంచిన తొలితరంలో ఆనా థిన్ అనే ఇంగ్లీషావిడ ఉంది. 1846లో ఆవిడ టార్కీ తీరం నుంచి పగడపు జీవుల్ని జాడీలో పెట్టుకుని లండన్ తెచ్చుకుంది. సముద్రపు నీళ్ళు రోజూ తెప్పించడం కుదరదు, ఉన్న నీళ్ళకి గాలి తగలకపోతే జీవాలు బతకవు. అందుకని ఇంట్లో పనిమనిషి తెరిచిన కిటికీ ముందు నిలబడి, అరగంటో ముప్పావుగంటో, ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి తిరగబోసేది, మనం కాఫీ చల్లార్చినట్టు! ఆనా థిన్ పేరు చరిత్రలో నిలిచింది. పనిమనిషి పేరు నిలవలేదు. ఆ రోజుల్లో సంపు లేదు, మోటారు లేదు, ఆ పిల్ల చేతులే ఉన్నాయి. తొట్టి కింద ఇంకో తొట్టి పెట్టి నీళ్ళు వడకట్టే పద్ధతి 1980ల నడుమ హాలెండునుంచి అమెరికా పత్రికలకెక్కి ఇళ్ళల్లో పాకింది. అంతా చదివాక నాకర్థమైంది ఇదీ: మోటారొచ్చినా, నీళ్ళు తిరగబోసే ఆ పిల్ల ఇంకా ఇంట్లోంచి పోలేదు. మా చెల్లెలి రూపంలో ఆత్మకూరులో ఉంది.

“నువ్వు మరీ అక్కా! వాడికి వేరే దురలవాట్లు లేవు, పేకాటా తాగుడూ లేవు, ఒక్క సరదా” అంటుంది చెల్లెలు. తల్లులందరూ అనే మాటే ఇది. కొడుకు తాగకపోవడానికి తల్లి మేజోళ్ళు ఉతికి కప్పం కట్టాలా? తాగకపోవడం వాడు మనకి చేసిన ఉపకారమా?

సరే, సంపు గురించి వాడికెంత తెలుసో ఒక రాత్రి తేలింది. కరెంటు పోయింది, మోటారు ఆగింది. పైకి తోసే గొట్టం మూతి నీళ్ళలో 4 అంగుళాల లోతున ఉంది. మోటారు ఆగగానే ఆ గొట్టమే నీళ్ళని వెనక్కి కిందికి లాగడం మొదలుపెట్టింది. గొట్టం మూతికి గాలి తగిలేదాకా అది ఆగదు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న తొట్టిలో 4 అంగుళాలంటే దాదాపు 56 లీటర్లు. సంపులో ఖాళీ ఉన్నది 25 లీటర్లకే. మిగతా 30 లీటర్ల ఉప్పునీళ్ళూ హాల్లోకి! తుడిచింది ఎవరని అడక్కండి. చీకట్లో, చేతిలో టార్చి, నోట్లో “పోనీలే నాయనా”.

ఇందులో విద్య ఏమంత లేదు, అంకగణితమే. గొట్టం మూతి నీటి మట్టానికి అరంగుళం కిందే ఉండాలి. నీటి మట్టం దగ్గర దానికి చిన్న చిల్లు పెట్టాలి, నీళ్ళు కాస్త దిగగానే గాలి పీల్చుకుని ఆగిపోతుంది. అప్పుడు దిగేది 15 లీటర్లకి మించదు. సంపులో 40 లీటర్ల ఖాళీ ఎప్పుడూ ఉంచాలి. చేపల్ని వదలక ముందే మోటారు తనే ఆపి, నీళ్ళెక్కడిదాకా వస్తాయో చూసుకోవాలి. ఈ లెక్క వాడికి రాక కాదు, అంతకంటే పెద్ద లెక్కలు చేసి జీతం తెచ్చుకుంటున్నాడు. ఒలికితే తుడిచే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు ఎవరూ లెక్క చూసుకోరు. అదీ నా ఫిర్యాదు.

తరవాత చెల్లెలు కంటి ఆపరేషనుకి నెల్లూరొచ్చి మా ఇంట్లో పది రోజులుంది. ఆ పది రోజులూ సంపులో చుక్క నీళ్ళు పోసినవాళ్ళు లేరు. ఐదో రోజుకి చివరి అర ఎండింది. మోటారు గురగురలాడి ఆగింది. గురగుర వినడానికి వాడి చెవుల్లో ఇంకేవో ఉన్నాయి. నీళ్ళు కదలక, వేడెక్కి, రెండు చేపలు చచ్చిపోయాయి. వాడు ఫోను చేసి “నువ్వుంటే ఇట్లా అయ్యేది కాదమ్మా” అన్నాడు. కంటికి కట్టుతో మా చెల్లెలు మురిసిపోయింది! “చూశావా అక్కా, వాడికి నా విలువ తెలుసు” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. విలువ తెలిసినవాడు పొగడ్త ఫోనులో పంపిస్తాడా, చెంబుతో నీళ్ళు పోస్తాడా?

నీళ్ళంటే గుర్తొచ్చింది. ఈ తొట్టికి బోరు నీళ్ళు పనికిరావు, ఆర్వో నీళ్ళే కావాలి. లీటరు మంచినీళ్ళు తీయడానికి ఇంట్లో పెట్టే యంత్రం రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. తొట్టీ సంపూ కలిపి 300 లీటర్లు, అందులోకి పదిన్నర కిలోల ప్రత్యేకమైన ఉప్పు. ఏ ప్రాంతంలో ఉండి చేస్తున్నామీ పని? మన దేశంలో ఫ్లోరైడు జబ్బుని మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఉదయగిరి పక్క బోరు నీళ్ళల్లో ఆ పీడ తెలియనివాళ్ళెవరు? లీటరులో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్ళకీ ఎముకలకీ ముప్పు. మా అమ్మ ఇప్పటికీ 20 లీటర్ల క్యానులోంచి కొలుచుకుని తాగుతుంది. చేపల్ని పెంచొద్దనను. కానీ యంత్రం పారబోసే నీళ్ళు ఇల్లు తుడవడానికైనా పట్టుకో అంటాను. బకెట్టు పెట్టేది కూడా వాడే కావాలి.

ఇంకో మాట. మావాడికి ఎవరో నిజం పగడాలు తెచ్చిపెడతామన్నారట. నేను ఒక్క కేక పెట్టాను. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో, 2001లో, దిబ్బలు కట్టే పగడాల్ని మొదటి షెడ్యూలులో చేర్చారు, పులితో సమానంగా! పట్టుబడితే మూడేళ్ళకి తగ్గని జైలు. అంతకంటే సిగ్గుచేటు ఏమంటే, సముద్రం వేడెక్కి పగడాలు ప్రపంచమంతా తెల్లబోతున్నాయని 2024లో శాస్త్రజ్ఞులు ప్రకటిస్తే, మిగిలినవాటిని మనం హాల్లోకి పీక్కొస్తామా? వాడి రాళ్ళు పింగాణీవి, చేపలు తొట్లలో పుట్టించినవి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు ఆ చారల చేపల్ని పిల్లలు పెట్టించే విద్య ఎప్పుడో సాధించారు. అది చాలు.

మీ ఇంట్లో చేపల తొట్టి లేకపోవచ్చు. కుక్కపిల్ల ఉండొచ్చు, మిద్దెమీద గులాబీ కుండీలుండొచ్చు, పదిమందిని భోజనానికి పిలిచే మంచి మనసున్న ఆయన ఉండొచ్చు. ప్రతిదాని కింద ఒక చెక్క బీరువా ఉంటుంది. ఆ తలుపు తీసి “ఇదెవరు కడుగుతారు?” అని ముందే అడగండి. సరదా ఎవరిదో సంపు కూడా వాళ్ళదే. అడిగితే ఇంట్లో శాంతి పోతుందంటారా? మాట్లాడకుండా మనం తుడుస్తున్నంతకాలం ఉన్నదాన్ని శాంతి అనడం నాకు చేతకాదు.

మా చెల్లెలింట్లో నేనే ఒక పద్ధతి పెట్టాను. చుట్టాలొచ్చినప్పుడు కింది బీరువా తలుపులు తెరిచి ఉంచాలి. మెచ్చుకునేవాళ్ళు రెండు తొట్లూ చూసి మెచ్చుకోవాలి. మేజోడు వాడు ఉతకాలి, నీళ్ళు వాడు పోయాలి. చెల్లెలు ముట్టుకోకూడదు.

మొన్న ఫోను చేసింది. “వాడే ఉతికాడక్కా. కానీ ఏం ఉతకడం, సగం జిడ్డు అట్లాగే ఉంది.”

“నువ్వు మళ్ళీ ఉతికావా?”

కాసేపు ఏమీ వినపడలేదు, గొట్టంలో నీళ్ళ చప్పుడు తప్ప.

“లేదక్కా,” అంది. “చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.”