పాత కారు రిపేర్లు: మీటరు పెట్టాలి, బిల్లు ఇవ్వాలి

రైతుకు కారెందుకని వెటకారం చేసేవాళ్లున్నారు. చోడవరం చుట్టుపక్కల ఊళ్లలో మనం కొనేది కొత్త కార్లు కాదు. పదీ పదిహేనేళ్లు తిరిగిన మారుతీ 800, ఓమ్ని వ్యాన్‌లాంటివి. రాత్రివేళ నొప్పులొస్తే విశాఖ కేజీహెచ్‌కు, తెల్లవారుజామున కూరగాయలతో సంతకు అదే దిక్కు. ఇది మోజు కాదు, అవసరం.

పాత బండిలో పైకి కనబడని ఖర్చు వైరింగ్. పాకలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వానాకాలం చెమ్మకు ఎర్త్ వైరు బిగింపులు చిలుమెక్కుతాయి. పాత యజమాని లైట్లకీ హారన్లకీ వేసిన అతుకులు ఉండనే ఉంటాయి. ఒక పొద్దున బండి కదలదు.

షెడ్డుకు చేరిస్తే ముందు బ్యాటరీ మార్చమంటారు. వారానికి మళ్లీ ఆగితే డైనమో అంటారు. ఆపైన సెల్ఫ్ అంటారు. మూడూ మార్చాక, లోపం ఎర్త్ వైరులో ఉందని తేలిన సందర్భాలున్నాయి. మెకానిక్‌లంతా మోసగాళ్లని మనం అనడం లేదు. చాలామందికి శిక్షణ లేదు, పరికరాలు లేవు. కాని ఆ అంచనాలకు సొమ్ము కట్టేది రైతే. చెరకు డబ్బు చేతికి రాకముందే వడ్డీకి తెచ్చిన సొమ్ము అది.

లోపం పట్టడానికి మామూలు మీటరు చాలు. బండి ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపాలి. ఇంజన్ నడుస్తుంటే దాదాపు 13.8 నుంచి 14.5 రావాలి. రాకపోతే ముందు బెల్టు, వైర్లు చూడాలి, ఆ తర్వాతే డైనమో. అందులోనూ చాలాసార్లు బ్రష్షులో, రెగ్యులేటరో మారిస్తే సరిపోతుంది. ఫ్యూజు పదేపదే పోతుంటే దాని బదులు రాగి తీగ చుట్టనివ్వకండి. బండి తగలబడుతుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి బ్యాటరీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లే లేకపోతే ఆ తగ్గింపు ఎవరి జేబులో పడిందో ఎలా తెలుస్తుంది?

2022లో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ కోసం కమిటీ వేసి వ్యవసాయ పరికరాలను, వాహనాలను అందులో చేర్చింది. ఆ హక్కు ఢిల్లీలో ఉంటే చాలదు. కంపెనీల వైరింగ్ పటాలు తెలుగులో మన ఊరి మెకానిక్ చేతికి రావాలి.

మన డిమాండ్లు మూడు. మీటరుతో పరీక్షించి లోపం చెప్పాకే వస్తువు మార్చాలి. బిల్లుతోపాటు తీసేసిన పాత వస్తువునూ తిరిగి ఇవ్వాలి. ప్రభుత్వ ఐటీఐలలో ఊరి మెకానిక్‌లకు ఉచితంగా ఎలక్ట్రికల్ శిక్షణ ఇవ్వాలి.

వచ్చే నెల సమావేశానికి మీ రిపేరు బిల్లులు తీసుకురండి. బిల్లు లేనివారు దేనికి ఎంత కట్టారో కాగితం మీద రాసి తెండి. అవన్నీ కలిపి అధికారుల ముందు పెడదాం.