ఆకాశంలో ఉమ్మడి బావి

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలోని ఊళ్ల వారికి ఉమ్మడి బావి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఖర్చు పంచుకుంటారు, నీళ్లు పంచుకుంటారు. కాని ఒకరి మీద పగతో ఎవరైనా ఆ బావిని పాడుచేస్తే అందరి చేలూ ఎండుతాయి. సైనికులూ, సామాన్యులూ కలిసి వాడే ఉపగ్రహాల సంగతీ ఇంతే.

మన దేశం సొంతంగా నిర్మించుకున్న దారి చూపే ఉపగ్రహ వ్యవస్థ పేరు నావిక్. దాని మొదటి ఉపగ్రహాన్ని 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. ఇందులో రెండు సేవలున్నాయి. ఒకటి లారీ డ్రైవరు మొదలు జాలరి వరకూ అందరికీ తెరిచి ఉంచినది. రెండవది రహస్య సంకేతాలతో నడిచేది. రక్షణ దళాల వంటి అనుమతి పొందిన వారికే అందుతుంది. అమెరికా వారి జి.పి.ఎస్. కూడా ఇటువంటిదే. ఇద్దరికీ వేర్వేరు ఉపగ్రహాలు కావాలంటే ఖర్చు రెట్టింపవుతుంది. కనుక కలిసి వాడుకోవడం తప్పు కాదు. అయితే అందులోని ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నావిక్ ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అంత దూరం నుంచి వచ్చే రేడియో తరంగాలు మనను చేరేసరికి ఎంతో బలహీనపడతాయి. సంతలో మైకు మోగుతుంటే పక్కవాడి మాట వినబడనట్లే, దగ్గరలో అదే తరంగాలతో ఒక ప్రసారయంత్రం రొద చేస్తే ఉపగ్రహం మాట మునిగిపోతుంది. దీన్ని జామింగ్ అంటారు. శత్రువు గురి సైన్యం మీదే కావచ్చు. దారి తప్పేది మాత్రం అంబులెన్సు కూడా.

స్పూఫింగ్ అనేది ఇంకా మోసకరమైనది. ఇందులో దొంగ సంకేతాలు పంపి, మనం లేనిచోట ఉన్నట్లు నమ్మిస్తారు. సైన్యం వాడే సంకేతానికి తాళం ఉంది. మనం వాడే సంకేతం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు గనుక దాన్ని అనుకరించడం సులువు. అంటే కవచం లేనివాడికే దెబ్బ ఎక్కువ!

ఇది ఊహ కాదు. 2022 ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైన రోజునే, ఉక్రెయిన్ సైన్యం కూడా వాడుతున్న కెఎ-శాట్ ఉపగ్రహ ఇంటర్నెట్‌పై కంప్యూటర్ దాడి జరిగింది. ఉపగ్రహానికి ఏమీ కాలేదు. నేల మీది వేలాది మోడెములు పాడయ్యాయి. ఫలితంగా ఎక్కడో జర్మనీలో దాదాపు 5,800 గాలిమరలను దూరం నుంచి పర్యవేక్షించడం ఆగిపోయింది. యుద్ధంతో ఆ గాలిమరలకేం సంబంధం?

మన దగ్గర చూడండి. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయం దగ్గర కొన్ని విమానాలకు దొంగ జి.పి.ఎస్. సంకేతాలు అందాయి. హైదరాబాదుతో సహా మరికొన్ని విమానాశ్రయాల నుంచి కూడా జి.పి.ఎస్. సంకేతాలకు ఆటంకం కలిగినట్లు సమాచారం వచ్చిందని డిసెంబరులో ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. అయితే నేల మీది పాత పద్ధతి రేడియో పరికరాలు పనిచేస్తున్న రన్‌వేల వైపు రాకపోకలు దెబ్బతినలేదు.

నేను చెప్పదలచింది ఇదే. ఉపగ్రహం వచ్చిందని నేల మీది ఏర్పాట్లను పారవేయరాదు. వాడని పరికరాలకు డబ్బు దండగ అనేవారున్నారు. కాని ఇల్లు తగలబడేదాకా ఫైరింజను కూడా ఊరికే నిలబడి ఉంటుంది! అలాగే సామాన్యుల సంకేతానికీ అసలుదని నిరూపించే ముద్ర ఉండాలి. యూరప్ వారి గెలీలియో వ్యవస్థ 2025లో అటువంటి సేవను ప్రారంభించింది. అది సాధ్యమేనని దీనితో తేలింది.

విద్యార్థులారా! మీ ఊళ్లో ఏయే పనులు ఉపగ్రహాల మీద ఆధారపడి ఉన్నాయో ఒక జాబితా రాయండి. అవి ఒక పూట ఆగితే రెండో దారి ఏమిటో ప్రతిదాని ఎదుట రాయండి. ఖాళీగా మిగిలిన గళ్లను నింపడమే రేపటి ఇంజనీర్లుగా మీ పని.