జీతం వదిలి కాంట్రాక్టుకా?

తమ్ముడూ, తొమ్మిదేళ్లు జావాలో ప్రోగ్రాములు రాసినవాడివి, ఇప్పుడు ఉద్యోగం మాని డేటాబేస్, బిజినెస్ ఇంటెలిజెన్స్ కాంట్రాక్టు పనులు చేస్తానంటున్నావు. చెల్లెమ్మ భయపడుతోందని కూడా రాశావు. ఆమె భయం వృథా కాదు.

పని గురించి నాకంత దిగులు లేదు. ఐబీఎంలో ఎడ్గార్ కాడ్ 1970లో ప్రకటించిన పట్టికల పద్ధతి మీదే నేటికీ ఎస్‌క్యూఎల్ నడుస్తోంది. నేర్చుకున్నది తొందరగా పాతబడదు. నీకు కొత్తగా రావలసింది అడగడం. ‘ఈ నెల అమ్మకాలెంత?’ అంటే ఆర్డరు వచ్చిన రోజు లెక్కా, బిల్లు వేసిన రోజా, డబ్బు చేతికందిన రోజా? సేల్స్‌వారిది ఒక మాట, అకౌంట్స్‌వారిది మరో మాట. అది తేల్చకుండా పవర్ బీఐలో ఎంత అందమైన రిపోర్టు చేసినా తగవే. (ఆ చివాట్లు నేనూ తిన్నాను.)

ఇక ఇల్లు. ఒక కాంట్రాక్టు ముగిసి మరొకటి దొరికేలోగా నెలలు ఖాళీగా పోవచ్చు. బిల్లు పంపాక డబ్బు రావడానికి నెలా నెలన్నర పట్టడం మామూలే. ఆరు నెలల ఖర్చు, ఇంటి వాయిదాలతో సహా, పక్కన పెట్టావా?

చెల్లెమ్మకు ఐదో నెల అన్నావు. ప్రసవం ఖర్చు మీ కంపెనీ బీమాలో ఉంది. ఇప్పుడు విడిగా పాలసీ తీసుకుంటే మాత్రం సాధారణంగా ఈ కాన్పుకు వర్తించదు. కాబట్టి రాజీనామా కాన్పు అయ్యాకే. ఈలోగా సాయంత్రాలు ఎస్‌క్యూఎల్ సాధన చెయ్యి. ఈ జవాబు చెల్లెమ్మకు కూడా చదివి వినిపించు.