ప్రెషర్ నార్మల్ అన్నారా? కంటి నరం చూశారా అని అడగండి



"కంటి ప్రెషర్ నార్మల్" అని చీటీలో ఉంటే గండం గడిచిందనుకుంటాం. నీటికాసులు, అదే గ్లకోమా, ప్రెషర్ పెరిగితేనే వస్తుందని మనవాళ్లలో చాలామంది నమ్మకం. కానీ ప్రెషర్ 10 నుంచి 21 మధ్య నార్మల్‌గానే ఉన్నా, కంటి నరం మెల్లగా దెబ్బతినే రకం ఒకటుంది. దాన్ని నార్మల్ టెన్షన్ గ్లకోమా అంటారు.

నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. ఎదుటి మనిషి ముఖం బాగానే కనిపిస్తుంది, పక్కచూపు మాత్రం కొంచెం కొంచెంగా పోతుంది. బండి నడిపేవాళ్లకు, ఎత్తు మీద పనిచేసేవాళ్లకు అదెంత ప్రమాదమో వేరే చెప్పాలా? పోయిన చూపు ఏ మందుతోనూ తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవాలి.

అందుకే అద్దాల షాపులో ప్రెషర్ చూపించుకుంటే సరిపోదు. కంటి డాక్టర్ నరాన్ని చూడాలి, అనుమానముంటే స్కాన్, పక్కచూపు పరీక్ష చేయాలి. 40 దాటినవాళ్లు, దూరం చూపుకు ఎక్కువ పవర్ అద్దాలు వాడేవాళ్లు, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నవాళ్లు ఆలస్యం చేయొద్దు. మీకు ఉందని తేలితే ఊళ్లో అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా చెప్పి చూపించుకోమనండి.

ప్రెషర్ నార్మల్ అయితే చుక్కల మందు ఎందుకు? నార్మల్ అన్నది పదిమంది లెక్క. మీ నరానికి అదీ బరువే కావచ్చు. 1998లో వెలువడిన ఒక పరిశోధనలో ప్రెషర్ 30 శాతం తగ్గించిన కళ్లలో 12 శాతమే ముదిరాయి. వైద్యం చేయని కళ్లలో 35 శాతం ముదిరాయి.

చుక్కలు వేస్తే చూపు పెరిగినట్టు అనిపించదు. అయినా మానొద్దు. ఊరి నుంచి తెచ్చిన సీసా అయిపోతే ఇక్కడ అదే కంపెనీది దొరకకపోవచ్చు. లాటనోప్రోస్ట్, టిమోలోల్ లాంటి అసలు మందు పేరు రాయించుకుని ఫోన్‌లో ఫోటో పెట్టుకోండి. ఆయాసం ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి, టిమోలోల్ వాళ్లకు పడదు. సీసాను ఎండలో, బండిలో ఉంచొద్దు.

రాత్రిపూట బీపీ మాత్ర వేసుకుంటుంటే అదీ కంటి డాక్టర్‌కు చెప్పండి. నిద్రలో బీపీ మరీ పడిపోతే నరానికి రక్తం తగ్గవచ్చు. సొంతంగా మాత్ర మాత్రం ఆపొద్దు.

ఒక పూట డ్యూటీ పోతుందని వెనకాడకండి. పూట కూలి మళ్లీ సంపాదించుకోవచ్చు. చదవడం రానివాళ్లు మీ రూమ్‌లో ఉంటే ఇది చదివి వినిపించండి.