చీటీ మీద లేని పేర్లు

మనవాళ్ళకి జాలి కాస్త ఎక్కువేనండీ. నాకు మరీను. లేకపోతే బీరువాలో అరడజను మూలుగుతుండగా, మొన్న చలికాలంలో ఓ హస్తకళల ప్రదర్శనలో ఇంకో దుపట్టా ఎందుకు కొంటాను? దానికి గుచ్చిన చీటీ చూసి కొన్నాను. "ఓ దివ్యాంగ బాలిక కల, పాతబస్తీ చేతిలో నిజమైంది" అని ఉంది. కింద సంస్థ పేరు ఇంత లావు అక్షరాల్లో. వెల 4,800 రూపాయలు.

"ఆ అమ్మాయి పేరేమిటండీ?" అనడిగాను బల్ల దగ్గర కూర్చున్నావిడని.

"పేరు దేనికండీ, మంచి పని కదా!" అందావిడ చిరునవ్వుతో.

నా తగువంతా ఆ చిరునవ్వుతోనే. వికలాంగులన్న మాట బాగులేదని దివ్యాంగులన్నాం. బాగానే ఉంది. అంత దివ్యమైన మాట పట్టిన చీటీలో, ఓ ఆడపిల్ల పేరు పట్టడానికి చోటు లేకపోయిందా?

పక్క దుకాణం కుర్రాడు "ఆ పని జల్‌పల్లిలో చేయిస్తారమ్మా" అని గుర్తులు చెప్పాడు. ఊరుకోలేక, చాంద్రాయణగుట్ట దాటి పహాడీ షరీఫ్ వైపు ఆటో కట్టించుకుని వెళ్ళాను, దుపట్టా సంచీలో పెట్టుకుని.

రేకుల గది. చెక్క చట్రానికి బిగించిన గుడ్డ, దాని చుట్టూ నేలమీద బాసిపట్లు వేసుక్కూర్చున్న నలుగురు మనుషులు. మన పెళ్ళి జాకెట్లకి మగ్గం వర్కు అంటామే, అదే. వాళ్ళు కార్చోబ్ అంటారు. అందరూ ఉస్తాద్ అని పిలిచే పెద్దాయన నలభై ఏళ్ళు ఆ చట్రం మీదికి వంగి జరీ కుట్టాడు. ఇప్పుడు చూపు మసక, నడుము నిలవదు. చూశారా, ఆ పక్క వికలాంగురాలు, ఈ పక్క పనివాడు అని చీటీ రాసినవాళ్ళకి ఈయన కళ్ళ సంగతి తట్టనే లేదు!

ఇక ఆ "బాలిక"కి ఇరవై నాలుగేళ్ళు. వినబడదు, మాట రాదు. బొమ్మలు వేస్తుంది. నా దుపట్టా మీది కొంగలబారు ఆమెదే. చెరువు గట్టున చూసి వేసిందట. మెడలు మరీ సన్నంగా ఉన్నాయి, జరీతో నింపితే బండగా వస్తాయి, మార్చమన్నాడు ఉస్తాద్. ఆ పిల్ల మార్చలేదు. రెండు రోజులు అలిగింది. మూడోనాడు వచ్చి, మెడకి అటూ ఇటూ మాత్రం గీతలు గీసి, లోపలంతా ఖాళీ అని చెయ్యి ఊపింది.

మగ్గం పనిలో ట్రేసింగు కాగితం మీద గీతల వెంబడి సూదితో పొడిచి, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడి రుద్దుతారు, గుడ్డ మీదికి చుక్కలు దిగడానికి. ఆ పొడిచిన కాగితం వెనక్కి తిప్పి వేళ్ళతో తడిమి చూశాడు ఉస్తాద్. "నలభై ఏళ్ళలో నాకు తట్టలేదమ్మా, గుడ్డని వదిలేస్తే అదే మెడవుతుందని" అన్నాడు నాతో.

మూడేళ్ళ వయసులో, గుర్రపు జీనులు కుట్టే తండ్రి పనిముట్టు గుచ్చుకునే కదా, లూయీ బ్రెయిల్ చూపు పోయింది! 1824 నాటికి, పదిహేనేళ్ళకే, అటువంటి మొనతోనే కాగితం మీద చుక్కలు పొడిచి గుడ్డివాళ్ళకి అక్షరాలు చేసిపెట్టాడు.

మరి కల ఎవరిది, చెయ్యి ఎవరిది? చీటీ రాసినవాళ్ళు ఆ గదిలో ఒక్క పూట కూర్చున్నా అలా రాసేవారు కారు.

కూలి అడిగాను. కుట్టినవాళ్ళందరికీ కలిపి 900, బొమ్మకి 200. ఎంతకి అమ్మారో వాళ్ళకి తెలియదు. నేను చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో అని ఆటో ఎక్కాక అనిపించింది.

"ఆ సంస్థ లేకపోతే ఆ 200 కూడా రాదు కదా" అంటుంది మా చెల్లెలు. నిజమే. దళారి లేకపోతే రైతుకి ఆ ధరా రాదని మా తాతగారి రోజుల నుంచీ వింటున్నాం. దళారి లాభం తీసుకుంటే అది వ్యాపారం, సరే. లాభంతోపాటు పుణ్యం కూడా తనే పుచ్చుకుంటానంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. కళాకారులకీ రచయితలకీ సాయం, ప్రోత్సాహం ఇవ్వాలని అందులో ఉంది. అది హక్కుల చట్టం, దయాదాక్షిణ్యాల చట్టం కాదు. చిన్నతనంలోనే వినికిడి పోయిన సతీశ్ గుజ్రాల్ చిత్రకారుడై, శిల్పియై, ఢిల్లీలో బెల్జియం రాయబార కార్యాలయ భవనానికి రూపకల్పన కూడా చేశాడు. దాన్ని ఎవరూ "దివ్యాంగుడి కల" అనరు, గుజ్రాల్ కట్టడం అంటారు. ఆ ఇటుకలు పేర్చిన తాపీమేస్త్రీల పేర్లు మాత్రం మనం ఏనాడూ అడగలేదు. పేరు మింగేసే ఈ జబ్బు ఉస్తాద్ లాంటివాళ్ళకి తరతరాలుగా తెలుసు. ఇప్పుడు ఆ పిల్లకీ అంటింది.

అన్నట్టు, దుపట్టా చూపిస్తే ఆ పిల్ల ఓ కొంగ తోక మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపింది. అక్కడ ఎర్రరాయి ఆమె పెట్టలేదట, ఉస్తాదూ పెట్టలేదట. మెరుపు చాల్లేదని తరవాత ఎవరో అంటించారు. గోటితో గిల్లి ఊడదీసేసింది.

ఈ నెలాఖరున మళ్ళీ ప్రదర్శన ఉందని నాకు ఆహ్వానం వచ్చింది. వెడతాను. కొనేముందు రెండు పేర్లు, రెండు కూలీలు అడుగుతాను. ఆవిడ మళ్ళీ నవ్వితే, ఆ బల్ల దగ్గరే నిలబడి ఇంకాస్త గట్టిగా అడుగుతాను. మీరూ అటుగా వస్తే ఓ మాట అడగండి.