గాడ్జిల్లాకు స్పేర్ పార్టులు కావలెను

30 ఏళ్లు దాటిన కారు ప్రాణం సాధారణంగా చిల్లర సామాన్ల దగ్గరే పోతుంది. పెళుసుబారిన ఓ రబ్బరు గొట్టం, విరిగిన ఓ ప్లాస్టిక్ క్లిప్పు, లోపలి ద్రవం కక్కేసిన వేలెడంత కెపాసిటర్. ఇంజన్ ఇంకో లక్ష కిలోమీటర్లు తిరగడానికి సిద్ధంగానే ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌కు కలిపే వైర్ల కట్ట మాత్రం కంపెనీలో ఉండదు, డీలరు దగ్గర ఉండదు. తుక్కు దుకాణంలో దొరికినా దాని వయసూ అంతే. 1990ల నాటి జపాన్ స్పోర్ట్స్ కార్లను నెత్తికెత్తుకున్న వాళ్లు ఇప్పుడు సరిగ్గా ఈ దశలో ఉన్నారు.

1989 ఆగస్టులో నిస్సాన్ అమ్మకానికి పెట్టిన స్కైలైన్ జీటీ-ఆర్ సంగతే చూడండి. అభిమానుల భాషలో ఆర్32. వరసగా ఆరు సిలిండర్లు, 2,568 సీసీ, రెండు టర్బోలు, అవసరాన్ని బట్టి ముందు చక్రాలకూ శక్తిని పంచే ఏర్పాటు. రేసులు గెలవాలనే దాన్ని రూపొందించారు. గెలిచింది కూడా. 1990 నుంచి 1993 వరకు జపాన్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్‌లో 29 రేసులు జరిగితే 29కి 29 దానివే. ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్‌లో 1991, 1992లలో వరసగా నెగ్గేసరికి ఫోర్డ్, హోల్డెన్ అభిమానులకు ఒళ్లు మండింది. రెండో ఏడాది విజేతలు పోడియం ఎక్కితే జనం గేలి చేశారు. గాడ్జిల్లా అని పేరు పెట్టిందీ ఆస్ట్రేలియా పత్రికే. జపాన్ నుంచి వచ్చి ఎదురొచ్చిన దాన్నల్లా తొక్కేసే రాకాసి మరి.

అప్పట్లో జపాన్ కంపెనీల మధ్య రాతకోతలు లేని ఓ పెద్దమనుషుల ఒప్పందం ఉండేది. తమ కారు ఇంజన్ 280 హార్స్‌పవర్‌కు మించిందని ఎవరూ ప్రకటించకూడదు. 2004 దాకా కాగితం మీద అందరూ దీన్ని పాటించారు. అసలు సంగతేమిటో టర్బో బూస్టు కాస్త పెంచి చూసిన ప్రతి మెకానిక్‌కూ తెలుసు. ఆర్థిక బుడగ ఇంకా పగల్లేదు, కంపెనీల దగ్గర డబ్బుకు కొదవ లేదు. ఇంజనీర్లు తమ తెలివినంతా అంకెల్లో కనిపించని చోట్ల కుమ్మరించారు. వెనక చక్రాలు కూడా కొద్దిగా తిరిగే స్టీరింగ్, అల్యూమినియం బాడీ, ఒకదాని తర్వాత ఒకటి అందుకునే టర్బోలు, అన్నిటికీ తలా ఓ కంప్యూటర్.

ఆ తెలివే ఇవాళ యజమానుల మెడకు చుట్టుకుంది. అంబాసిడర్ కార్బురేటర్‌ను చెట్టు కింది మెకానిక్ విప్పి, ఊది, బిగించి పంపేవాడు. 1990ల కంప్యూటర్ పెట్టెకు ఆ వైద్యం కుదరదు.

ఏ కారు రోగం ఆ కారుదే. ఆర్32 తొలి మోడళ్లలో ఆయిల్ పంపును తిప్పే చోట క్రాంక్‌షాఫ్ట్ పట్టు మరీ సన్నం. ఇంజన్‌ను పదేపదే ఎర్రగీత దాకా తిప్పితే పంపు గేరు పగులుతుంది, ఆ వెంటే బేరింగులు పోతాయి. టర్బోల్లోని టర్బైన్ చక్రాలు సిరామిక్. తేలిక కాబట్టి చప్పున అందుకుంటాయి. ఆశపడి బూస్టు పెంచితే ముక్కలవుతాయి. 1990లో వచ్చిన హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ బాడీ అల్యూమినియం కనుక ఉక్కు కార్ల తుప్పు బెడద దానికి లేదు. అయిర్టన్ సెన్నా సుజుకా ట్రాక్ మీద నడిపి చూసి సలహాలిచ్చిన కారది. కానీ ఏసీ కంట్రోల్ పెట్టెలోని కెపాసిటర్లు కారి సర్క్యూట్ బోర్డును తినేస్తాయి. సెన్నా సానపట్టిన సస్పెన్షన్ మీద యజమాని చెమటలు కక్కుతూ తిరగాల్సిందే. 1993 నాటి టొయోటా సుప్రా టర్బో ఇంజన్ పోత ఇనుప దిమ్మె, మొండిఘటం. దానికున్న పెద్ద జబ్బు యజమానులే. ఎవరూ చెయ్యి పెట్టని సుప్రా దొరకడం కష్టం.

మజ్దా ఆర్‌ఎక్స్-7ది మరో లోకం. అందులో పిస్టన్లే లేవు. పొట్ట ఉబ్బిన త్రిభుజాల్లాంటి రెండు రోటార్లు నడుము నొక్కిన కోడిగుడ్డు ఆకారపు గదుల్లో గిరగిరా తిరుగుతాయి. త్రిభుజం మూడు కొనల్లోనూ గది గోడను ఒరుసుకుంటూ సన్నటి పట్టీలుంటాయి. వీటినే అపెక్స్ సీల్స్ అంటారు. మామూలు ఇంజన్‌లో పిస్టన్ రింగులు చేసే పని వీటిది. ఒక్కటి విరిగితే చాలు, కంప్రెషన్ పోతుంది. ఆ ముక్క బయటికి పోతూ పోతూ టర్బోను కూడా వెంట తీసుకుపోగలదు. ఈ పట్టీలు ఎండిపోకుండా ఇంజనే కొద్దికొద్దిగా ఆయిల్‌ను గదుల్లోకి వదిలి కాలుస్తుంటుంది. కొత్తగా కొన్నవాడు ఆయిల్ తగ్గిందని కంగారు పడతాడు. తగ్గకపోతేనే కంగారు పడాలి. చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి, కారును గేటు ఇవతలి నుంచి అవతలికి జరిపి ఆపేస్తే గదుల్లో పెట్రోలు నిండి మళ్లీ స్టార్ట్ కాకుండా మొరాయించవచ్చు. వేడెక్కేదాకా ఆగాలి. కొనేముందు పరీక్షించడానికి మామూలు కంప్రెషన్ మీటరు చాలదు. ఒక్కో రోటారుకు మూడు ముఖాలు. మూడింటి రీడింగూ విడివిడిగా చూపే పరికరం కావాలి. 1991 మోడల్‌లో అయితే రెండు టర్బోలను వంతులవారీగా నడిపే సన్నటి వాక్యూమ్ గొట్టాలు ఇంజన్ మీద పిచ్చుక గూడులా అల్లుకుని ఉంటాయి. వేడికి అవి బిరుసెక్కుతాయి. ఏ గొట్టం చిట్లిందో వెతికి పట్టుకోవడానికి మెకానిక్‌కు ఓపిక కావాలి, యజమానికి డబ్బు కావాలి. ఇంత అవస్థా ఎందుకంటే అదే ఏడాది లీమాన్ 24 గంటల రేసు గెలిచిన మజ్దాను గుర్తు చేస్తారు. ఆ రేసు గెలిచిన తొలి జపాన్ కంపెనీ అదే, గెలిపించింది రోటరీ ఇంజనే.

ఇవన్నీ యంత్రానికి సంబంధించిన తిప్పలు. వాటికి మించిన తిప్పలు అమెరికా నుంచి వచ్చాయి. అక్కడి ప్రమాణాలకు తయారుకాని కారును మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు. కానీ 1988 నాటి చట్టం ప్రకారం తయారై 25 ఏళ్లు నిండిన కారుకు ఆ భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. దాంతో 2014లో తొలి ఆర్32లకు, 2024లో ఆఖరి స్కైలైన్ జీటీ-ఆర్ అయిన ఆర్34కు తలుపులు తెరుచుకున్నాయి. అప్పటికే సినిమాలు, వీడియో గేములు చేయాల్సిన పని చేసేశాయి. 2001లో వచ్చిన ‘ద ఫాస్ట్ అండ్ ద ఫ్యూరియస్’లోని నారింజ రంగు సుప్రా 2021 వేలంలో 5.5 లక్షల డాలర్లు పలికింది. అదే వరసలో 2009 నాటి సినిమాలో పాల్ వాకర్ నడిపిన ఆర్34కు 2023లో 13.57 లక్షల డాలర్లు వచ్చాయి. అమీర్‌పేట నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి ‘నీడ్ ఫర్ స్పీడ్’ ఆడిన కుర్రాళ్లలో అమెరికా చేరిన వారికి ఇప్పుడు ఆ కారును కొనే చట్టబద్ధమైన హక్కుంది. కొనే స్తోమత ఉందా అన్నది వేరే సంగతి.

ధర పెరిగితే యజమానికి లాభమే కదా అనిపించవచ్చు. అమ్ముకునేవాడికి లాభం. ఉంచుకుని నడపాలనుకునేవాడికి బీమా బరువు, దొంగల భయం. జపాన్‌లో జీటీ-ఆర్‌లు రాత్రికి రాత్రి మాయమవుతున్నాయి. దానికి తోడు ప్రభుత్వం. రిజిస్ట్రేషన్ జరిగి 13 ఏళ్లు దాటిన పెట్రోలు కారుకు అక్కడ వార్షిక పన్ను దాదాపు 15 శాతం పెరుగుతుంది. బరువును బట్టి వేసే ఇంకో పన్ను 13 ఏళ్లకు ఒకసారి, 18 ఏళ్లకు మరోసారి పైకి పోతుంది. రెండేళ్లకోసారి ‘షాకెన్’ తనిఖీ ఎలాగూ ఉంది. బ్రిటన్‌లో కారు 40 ఏళ్లు దాటితే రోడ్డు పన్నే లేదు. జర్మనీలో 30 ఏళ్లు నిండి, అసలు రూపం చెడకుండా ఉంటే ‘హెచ్’ అక్షరం నంబర్ ప్లేటు, దానికో స్థిరమైన పన్ను. తమ దేశం గర్వంగా చెప్పుకునే కార్లను కాపాడుతున్న వారికి జపాన్ ప్రభుత్వం మాత్రం జరిమానా వేస్తోంది. ఆదివారం పూట బయటికి తీసే కారు వల్ల గాలికి జరిగే చెడు ఎంత? రోజూ తిరిగే కారుకూ దీనికీ ఒకే లెక్క కట్టడం న్యాయం అనిపించుకోదు.

ప్రభుత్వానికి లేని పట్టింపు కంపెనీలకు ఆలస్యంగానైనా కలిగింది. హోండా అందరికంటే ముందుంది: 1993లోనే ఎన్‌ఎస్‌ఎక్స్‌లను వెనక్కి తీసుకుని కొత్తవాటిలా చేసిచ్చే పథకం పెట్టింది. నిస్సాన్ 2017 డిసెంబర్‌లో ఆర్32 విడిభాగాలను నిస్మో పేరుతో మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. వైర్ల కట్టలు, గొట్టాలు, బ్యాడ్జీలు అందులో ఉన్నాయి. తర్వాత దాన్ని ఆర్33, ఆర్34లకూ విస్తరించింది. మజ్దా 2017లోనే తొలి తరం ఎమ్‌ఎక్స్-5కు ఇలాంటి సేవను ప్రకటించి, గుడ్డ టాపు, చెక్క స్టీరింగ్, చివరికి ఆనాటి టైర్లను కూడా తిరిగి చేయించింది. టొయోటా 2020లో సుప్రాతో ఇదే దారి పట్టింది. డైలు పోగొట్టుకున్న బాడీ రేకుల కోసం నిస్సాన్ 2019లో ఓ వింత పద్ధతి చూపింది. రేకుకు చెరోపక్కా రెండు రోబోలు నిలబడి, వజ్రపు పూత ఉన్న మొనలతో నొక్కుతూ ఆకారం తెస్తాయి. మన టింకరింగ్ షాపుల్లో సుత్తి, దిమ్మె పెట్టి చేసే పనే, కాకపోతే చెయ్యి వణకదు.

కంపెనీ పార్టు దొరికిందన్న ఆనందం బిల్లు చూసేదాకానే. కొద్ది సంఖ్యలో చేసే వస్తువు చవగ్గా రాదు. పైగా ఈ ఆదరం పేరు మోసిన కార్లకే. జీటీ-ఆర్‌కు దక్కిన మర్యాద పక్కవీధిలోని సెలికాకో, ప్రెల్యూడ్‌కో అంతగా దక్కలేదు. వాటి యజమానులకు పాత సామాన్ల కొట్టే దిక్కు.

మన చుట్టుపక్కల ఈ వ్యామోహం ఒక్కోచోట ఒక్కో తీరు. జపాన్‌లోనూ ఇక్కడా స్టీరింగ్ కుడివైపే. కాబట్టి పాకిస్తాన్, శ్రీలంకలకు అక్కడి సెకండ్ హ్యాండ్ కార్లు ఓడల్లో వస్తూనే ఉన్నాయి. 2003లో వచ్చిన రోటరీ కారు ఆర్‌ఎక్స్-8కు పాకిస్తాన్ కుర్రకారులో మంచి గిరాకీ ఉండేది. అపెక్స్ సీల్స్ పాఠం చాలామంది దానితోనే నేర్చుకున్నారు. జపాన్ వేలంలో కారుకు వేసిన మార్కుల కాగితం, ‘ఆక్షన్ షీట్’ అంటే ఏమిటో లాహోర్‌లో, కొలంబోలో ఎవర్నడిగినా చెబుతారు. అందులో ‘ఆర్’ అక్షరం కనిపిస్తే బండి ఎక్కడో గుద్దుకుని బాగైనదని అర్థం. డాలర్లు అయిపోతున్నాయని శ్రీలంక 2020లో వాహనాల దిగుమతిని ఆపేసింది. సొంత కార్లకు మళ్లీ అనుమతి వచ్చింది 2025లో. ఆ ఐదేళ్లూ ఉన్న బండినే బాగుచేసుకు తిరగడం లంకలో సరదా కాదు, అవసరం.

భారతదేశంలో తలుపు దాదాపు మూసే ఉంది. మూడేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ కారును మామూలుగా రానివ్వరు. 2021 నాటి నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు నిండాలి. ఆ లెక్కన తొలి ఆర్32 వింటేజ్ అయ్యేది 2039లో. అయితే జపాన్ స్పోర్ట్స్ కారు దక్కని మనకు జపాన్ స్పోర్ట్స్ బైకు దక్కింది. 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350, 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్100. 1996లో ఆగిపోయిన ఆర్‌ఎక్స్100కు అసలు సైలెన్సర్ వెతుక్కునేవాడి బాధ, ఆర్32కు వైర్ల కట్ట వెతుక్కునేవాడి బాధ ఒకటే. ఇద్దరికీ ఇప్పుడు ఇథనాల్ బెంగ కూడా తోడైంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలును నెలల తరబడి ట్యాంకులో వదిలేయడం కంటే వారానికోసారి బండి తీయడం మేలు.

విదేశాల్లో ఉండి ఇలాంటి కారు మీద మనసు పడ్డవారికి మెకానిక్‌లు చెప్పే మాట ఒకటే: ఇంజన్ కంటే ముందు బాడీ అడుగుభాగం చూడండి. ఇంజన్‌ను ఓవర్‌హాల్ చేయించవచ్చు. సస్పెన్షన్ టవర్లు, డిక్కీ కింది రేకు, వెనక చక్రాల పైవంపులు తుప్పు తినేస్తే ఆ ఖర్చుకు అంతుండదు. డిక్కీలో పరిచిన తివాచీ ఎత్తి చూడనివ్వని అమ్మకందారుతో బేరం పెట్టుకోకూడదు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు అడగాలి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క.

2025 జనవరిలో టోక్యో ఆటో సెలూన్‌లో నిస్సాన్ ఓ ఆర్32ను చూపించింది. ఇంజన్ పీకేసి ఎలక్ట్రిక్ మోటార్లు పెట్టిన కారు. దానిలోని స్పీకర్ల నుంచి పాత ఆరు సిలిండర్ల ఇంజన్ మోత వినిపిస్తుంది, గేర్లు మారిన కుదుపు కూడా తెలుస్తుంది. దానికి ఆయిల్ పంపు భయం లేదు, టర్బో ముక్కలయ్యే బెంగ లేదు. చూడ్డానికి జనం ఎగబడ్డారు. వైర్ల కట్ట కోసం నిస్మోకు ఆర్డరు పెట్టుకున్న వారెవరూ దాన్ని రద్దు చేసుకున్నట్టు మాత్రం వినలేదు.